అద్దె పెరిగితే ఆ పెరిగింది మీ పేరున జమ కావాలంటే: అమెరికాలో ఎఫ్‌ఎస్‌ఎస్‌లో చేరడం ఎలా

"జీతం పెరిగిందని చెప్తే చాలు, వెంటనే అద్దె పెంచుతారు. ఇంకా గంటలు ఎక్కువ చేసి ఏం లాభం?"

సెక్షన్ 8 వోచర్ (ఆదాయం తక్కువున్నవాళ్లకు అద్దెలో కొంత ప్రభుత్వం కట్టే సాయం) మీద ఉంటున్న మనవాళ్ల ఇళ్లలో ఈ మాట నేను చాలాసార్లు విన్నాను. అమెరికా తెలుగువాళ్లంటే అందరూ సాఫ్ట్‌వేరే అనుకుంటాం. అన్నో అక్కో పిటిషన్ వేస్తే పదేళ్లకు పైగా ఎదురుచూసి గ్రీన్ కార్డ్ మీద దిగినవాళ్లున్నారు. గ్యాస్ స్టేషన్లో రాత్రి షిఫ్టు చేసేవాళ్లు, ఇండియన్ స్టోర్లో సరుకు సర్దేవాళ్లు, భర్త వదిలేస్తే ఇద్దరు పిల్లలతో ఒంటరిగా నెట్టుకొస్తున్న ఆడవాళ్లు కూడా ఉన్నారు. వీళ్లలో కొందరికి హౌసింగ్ అథారిటీ, అంటే ఈ సాయాన్ని నడిపే స్థానిక ప్రభుత్వ సంస్థ, సాయం ఉంటుంది, కానీ ఆ సంగతి గుడిలో ఎవరికీ చెప్పరు. చెప్పుకోరు కాబట్టే ఒకరికి తెలిసింది ఇంకొకరికి చేరదు. ఎఫ్‌ఎస్‌ఎస్ అలా చేరకుండా పోయిన సంగతుల్లో ఒకటి.

ఫ్యామిలీ సెల్ఫ్ సఫిషియెన్సీ అనే పథకానికి పొట్టి పేరు ఎఫ్‌ఎస్‌ఎస్. 1990లో వచ్చిన జాతీయ గృహ చట్టంతో ఇది పుట్టింది. 2018లో చట్టాన్ని సవరించారు, ఆ మార్పులతో కొత్త నిబంధనలు 2022 జూన్‌లో అమల్లోకి వచ్చాయి. పాత నిబంధనలు గుర్తున్నవాళ్లు చెప్పే మాటల్లో కొన్ని ఇప్పుడు చెల్లవు. ఎక్కడెక్కడ మారిందో దారిలో చెప్తాను.

ముందు ఇది ఎలా పనిచేస్తుందో చూడండి

వోచర్ ఉన్న కుటుంబం సాధారణంగా, కొన్ని మినహాయింపులు పోను మిగిలిన నెల ఆదాయంలో 30 శాతం అద్దెకు కడుతుంది. మిగతాది హౌసింగ్ అథారిటీ ఇంటి యజమానికి ఇస్తుంది. మీ జీతం పెరిగితే మీ వాటా పెరుగుతుంది, వాళ్ల వాటా తగ్గుతుంది. అందుకే పని పెంచుకున్నా చేతికి పెద్దగా మిగలనట్టు అనిపిస్తుంది.

ఎఫ్‌ఎస్‌ఎస్‌లో చేరినా పెరిగిన అద్దె మీరు కట్టాల్సిందే, అందులో మార్పు లేదు. కానీ జీతం పెరగడం వల్ల అద్దె ఎంత పెరిగిందో దాదాపు అంత మొత్తాన్ని హౌసింగ్ అథారిటీ ప్రతి నెలా మీ పేరున ఒక ఖాతాలో జమ చేస్తుంది. దాన్ని ఎస్క్రో అంటారు. మీరు ఒప్పుకున్న పనులు పూర్తి చేసి, హౌసింగ్ అథారిటీతో రాసుకున్న కాంట్రాక్టు ముగిస్తే ఆ మొత్తం వడ్డీతో సహా మీది. చీటీ కట్టిన అలవాటు ఉన్నవాళ్లకు ఇది తొందరగా అర్థమవుతుంది. కాకపోతే ఈ చీటీలో పాట ఉండదు, కమిషన్ ఉండదు, మీ వాయిదా కట్టేది హౌసింగ్ అథారిటీ.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఏడు రాష్ట్రాల్లో 18 హౌసింగ్ అథారిటీల దగ్గర, లాటరీ వేసి సగం మందిని పథకంలో చేర్చి సగం మందిని చేర్చకుండా ఎండీఆర్‌సీ అనే పరిశోధన సంస్థ చాలా ఏళ్లు గమనించింది. మొత్తం మీద చూస్తే చేరినవాళ్ల సంపాదన చేరనివాళ్లకంటే చెప్పుకోదగ్గంత పెరగలేదని తేలింది. అంటే ఈ పథకం మీకు ఉద్యోగం తెచ్చిపెట్టదు. ఎలాగూ ఉద్యోగం చేయబోతున్నవాళ్లకు, గంటలు పెంచుకోబోతున్నవాళ్లకు మాత్రం వదులుకుంటే నష్టం. ఆ చూపుతోనే చేరండి.

మీకు వర్తిస్తుందా?

వోచర్ కోసం ఇంకా వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లకు ఇది కాదు. సాయం ఇప్పటికే అందుతుండాలి. అది సెక్షన్ 8 వోచర్ కావచ్చు, ప్రభుత్వ అపార్ట్‌మెంట్లలో అంటే పబ్లిక్ హౌసింగ్‌లో ఉండటం కావచ్చు. ప్రాజెక్ట్ ఆధారిత సాయం, అంటే మనిషికి కాక ఆ భవనానికే ముడిపడిన సాయం ఉన్న ప్రైవేటు కాంప్లెక్సుల యజమానులు కూడా ఇప్పుడు దీన్ని నడపవచ్చు. చేరాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం.

వీసా సంగతి చాలామంది అడుగుతారు. ఈ సాయం పౌరులకు, గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకు, శరణార్థుల వంటి కొన్ని వర్గాలకు మాత్రమే. హెచ్1బీ, ఎఫ్1, విజిటర్ వీసా మీద ఉన్నవాళ్లకు రాదు. ఇంట్లో కొందరికి అర్హత ఉండి కొందరికి లేకపోతే, అర్హత ఉన్నవాళ్ల లెక్కన సాయాన్ని తగ్గించి ఇస్తారు. "ఇవన్నీ తీసుకుంటే సిటిజన్‌షిప్ రాదట కదా" అనే భయం ఇంకొకటి. ప్రభుత్వ సాయం మీదే ఆధారపడతారా అని చూసే పబ్లిక్ చార్జ్ అనే పరీక్ష ప్రధానంగా గ్రీన్ కార్డ్ కోసం అప్లై చేసేటప్పటిది, గ్రీన్ కార్డ్ నుంచి సిటిజన్‌షిప్‌కు వెళ్లేటప్పటిది కాదు. ఐనా ఇంట్లో ఎవరి గ్రీన్ కార్డ్ ఐనా ఇంకా పెండింగ్‌లో ఉంటే, వాట్సాప్ గ్రూపులో అడగకుండా ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగండి.

ఇండియాలో ఉన్న ఆస్తి గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఊళ్లో మీ పేరున ఉన్న అరెకరం, నాన్నగారు రాసిచ్చిన ప్లాటు, బ్యాంకులో ఉన్న డిపాజిట్ కూడా ఆస్తి కిందికే వస్తాయి, ఫారంలో రాయాలి. "అక్కడిది వీళ్లకేం తెలుస్తుంది" అనుకుని వదిలేసి, ఐదేళ్లు కూడబెట్టిన డబ్బు చివర్లో పోగొట్టుకోవద్దు. ఎస్క్రోలో పోగయ్యే డబ్బును మాత్రం ఆస్తి లెక్కలోకి తీసుకోరు.

ఇక మీ హౌసింగ్ అథారిటీలో ఎఫ్‌ఎస్‌ఎస్ ఉందో లేదో కనుక్కోవాలి. అన్ని చోట్లా ఉండదు. ఫోన్ చేసి "నా వోచర్ గురించి" అని మొదలుపెడితే కేస్‌వర్కర్‌కి కలుపుతారు, ఆమెకు దీని గురించి తెలియకపోవచ్చు. "ఎఫ్‌ఎస్‌ఎస్ కోఆర్డినేటర్‌తో మాట్లాడాలి" అని నేరుగా అడగండి. ఇంగ్లీషు ఇబ్బందైతే తెలుగు ఇంటర్‌ప్రెటర్ దొరుకుతారేమో అడగండి. పదో తరగతి చదివే పిల్లాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని కాంట్రాక్టు అనువాదం చేయించుకోవద్దు. ఆ వయసుకి వాడికి ఎస్క్రో అంటే ఏం తెలుస్తుంది, మన ఆదాయం సంగతి వాడి ముందు ఎందుకు?

సంతకం ముందు, జీతం తర్వాత

ఈ వ్యాసంలో ఒక్క విషయమే గుర్తుంటుందనుకుంటే ఇదే గుర్తుపెట్టుకోండి.

కాంట్రాక్టు మొదలయ్యే రోజుకు మీ ఇంటి సంపాదన ఎంతో, మీ అద్దె వాటా ఎంతో రాసిపెడతారు. దాన్ని బేస్‌లైన్ అంటారు. అక్కడి నుంచి పైకి పెరిగినదాని మీదే ఎస్క్రో. కింద ఉన్నదానికి పైసా రాదు. అంటే కొత్త ఉద్యోగంలో స్థిరపడ్డాక తీరిగ్గా చేరితే, ఆ కొత్త జీతమే బేస్‌లైన్ అవుతుంది. అప్పటిదాకా పడ్డ కష్టమంతా లెక్కలోంచి జారిపోతుంది.

ఒకావిడ ఉందనుకుందాం, ఇద్దరు పిల్లలు. స్టోర్లో పార్ట్‌టైమ్ పని, నెలకు 1,000 డాలర్లు. మినహాయింపుల్ని పక్కన పెడితే ఆమె అద్దె వాటా సుమారు 300. ఆమె నర్సింగ్ అసిస్టెంట్ కోర్సు చేస్తోంది, ఆరు నెలల్లో నెలకు 2,400 వచ్చే పని దొరుకుతుంది. ఇప్పుడే చేరితే బేస్‌లైన్ నెలకు 1,000. కొత్త పని వచ్చాక పెరుగుదల 1,400, అందులో 30 శాతం 420. ఆమె అద్దె 720 అవుతుంది, అందులో పెరిగిన 420 ఆమె ఖాతాలో పడుతుంది. ఏడాదికి 5,040. మూడేళ్లకు 15,120.

అదే ఆవిడ ఉద్యోగంలో చేరాక సంతకం పెడితే బేస్‌లైన్ 2,400. అద్దె అదే 720 కడుతుంది, ఎస్క్రో సున్నా. ఆ తర్వాత జీతం 2,800కి పెరిగితే నెలకు 120 మాత్రమే జమ. మనిషి అదే, కష్టం అదే, సంతకం తేదీ ఒక్కటే తేడా.

కాబట్టి ఉద్యోగం లేకపోయినా, గంటలు తగ్గినా, పిల్లాడు చిన్నవాడై ఇంట్లోనే ఉండాల్సి వచ్చినా అదే చేరడానికి మంచి సమయం. బేస్‌లైన్ సున్నా ఐతే ఆ తర్వాత సంపాదించే ప్రతి డాలరూ లెక్కలోకి వస్తుంది. "ముందు కాస్త నిలదొక్కుకుని చేరదాం" అనే మాట మన ఇళ్లలో వివేకంలా వినిపిస్తుంది. ఇక్కడ మాత్రం అది తిరగబడుతుంది.

కాంట్రాక్టు అమల్లోకి వచ్చేది సంతకం అయ్యాక వచ్చే నెల ఒకటో తేదీ నుంచి. మార్చి 28న సంతకాలైతే ఏప్రిల్ 1. ఏప్రిల్ 2న ఐతే మే 1. సంతకం మీరొక్కరు పెడితే చాలదు, ఆఫీసు వాళ్లూ పెట్టాలి. నెలాఖరు దగ్గర పడితే రోజు మార్చి రోజు ఫోన్ చేసి అడగండి, తప్పు లేదు. పని దొరికినా ఉద్యోగంలో చేరే తేదీని రెండు వారాలు ఆలస్యంగా పెట్టుకోగలిగితే అడిగి చూడండి. ఉద్యోగం మొదలైపోయాక దాన్ని దాచి సంతకం పెట్టడం మాత్రం వేరే సంగతి. అది మోసం కిందికి వస్తుంది.

ఇంకో చిన్న విషయం. కాంట్రాక్టు ఐదేళ్లని అందరూ అంటారు కానీ ఐదేళ్లు లెక్కపెట్టేది సంతకం నుంచి కాదు. కాంట్రాక్టు మొదలయ్యాక జరిగే మొదటి ఆదాయ పరిశీలన నుంచి. కాబట్టి చాలామందికి ఐదేళ్ల మీద కొన్ని నెలలు అదనంగా దొరుకుతాయి. సరైన కారణం చూపిస్తే ఇంకో రెండేళ్ల వరకు పొడిగించవచ్చు.

లెక్క మీరే వేసుకోండి

ప్రతి నెలా జమయ్యేది రెండింటిలో ఏది తక్కువైతే అది: బేస్‌లైన్ మీద పెరిగిన సంపాదనను నెలకు పంచి అందులో 30 శాతం, లేదా మీ అద్దె వాటా నిజంగా ఎంత పెరిగిందో అంత. ఈ "ఏది తక్కువైతే అది" దగ్గరే చాలామంది మోసపోయామనుకుంటారు.

ఉదాహరణకి మీకు నెలకు 600 నిరుద్యోగ భృతి వస్తోంది. ఉద్యోగం వచ్చి 1,000 జీతం మొదలైంది, భృతి ఆగిపోయింది. సంపాదన 1,000 పెరిగింది కాబట్టి 300 జమ కావాలని మీరు అనుకుంటారు. కానీ మొత్తం ఆదాయం పెరిగింది 400 మాత్రమే, అద్దె పెరిగింది 120. జమయ్యేది 120. ఆఫీసు తప్పు కాదు.

వోచర్ ఉన్నవాళ్లకు ఇంకో పైకప్పు ఉంది. మీ ఇంటి అద్దె, కరెంటు గ్యాసు కలిపి ఎంతో, ఆ ఊరికి హౌసింగ్ అథారిటీ పెట్టుకున్న పేమెంట్ స్టాండర్డ్ (సాయం లెక్కకు వాడే అద్దె పరిమితి) ఎంతో, ఆ రెండింటిలో తక్కువదాన్ని మించి అద్దె పెరిగినట్టు లెక్క వేయరు. మీ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 80 శాతం దాటితే ఇక కొత్త జమలు పడవు. పాతవి పోవు.

సంపాదన అంటే కాంట్రాక్టు మీద పేరున్నవారి జీతం ఒక్కటే కాదు, ఇంట్లో పెద్దవాళ్లందరిదీ. వ్యాపారం మీద వచ్చే నికర లాభం కూడా సంపాదనే. ఇంట్లో పచ్చళ్లు, అరిసెలు చేసి అమ్మేవాళ్లు, బ్లౌజులు కుట్టేవాళ్లు ఇది గమనించాలి. ఇంట్లో వండి అమ్మడానికి రాష్ట్రానికొక కాటేజ్ ఫుడ్ చట్టం ఉంటుంది, దాని ప్రకారం నమోదు చేసుకుని ట్యాక్సుల్లో షెడ్యూల్ సీ (సొంత వ్యాపార ఆదాయం చూపే ఫారం) కింద చూపిస్తే అదీ లెక్కే. చేతికి నగదు తీసుకుని రాయకుండా వదిలేస్తే ఎస్క్రో రాదు. పైగా అది ఆదాయం దాచినట్టవుతుంది. జీతాల సమాచారాన్ని హౌసింగ్ అథారిటీలు ప్రభుత్వ డేటాతో సరిపోల్చి చూస్తాయి. "క్యాష్‌లో ఇస్తాను, నీకే మంచిది" అనే యజమాని మన భాష మాట్లాడేవాడే కావచ్చు. ఆ మంచి ఎవరికో లెక్క వేస్తే తెలుస్తుంది: నెలకు 1,000 పే స్టబ్‌లో, అంటే జీతం చీటీలో లేకపోతే మీకు పోయేది నెలకు 300 వరకు ఎస్క్రో, సోషల్ సెక్యూరిటీ క్రెడిట్లు, తక్కువ జీతం ఉన్నవాళ్లకు ట్యాక్స్ టైమ్‌లో వచ్చే ఎర్న్‌డ్ ఇన్‌కమ్ క్రెడిట్ కూడా.

ఏం రాసి సంతకం పెడుతున్నారు

కాంట్రాక్టు ఫారం పేరు హెచ్‌యూడీ-52650. దానికి ఒక ప్రణాళిక జత చేస్తారు, మీ లక్ష్యాలు, వాటి గడువులు అందులో ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా ఈ కాంట్రాక్టుకు పెద్ద కావచ్చు. లీజు మీద మొదటి పేరున్నవారే ఉండాలన్న పాత నియమం పోయింది. కాబట్టి భార్యాభర్తల్లో ఎవరికి పని దొరికే అవకాశం ఎక్కువో, ఎవరి ఆరోగ్యం బాగుందో చూసుకుని నిర్ణయించుకోండి. మన ఇళ్లలో ఆలోచించకుండా మగవాళ్ల పేరు రాసేస్తారు. మోకాళ్ల నొప్పులతో షిఫ్టు చేయలేని ఆయన పేరు రాసి, రోజూ పనికి వెళ్లే ఆమెను పక్కన పెట్టిన ఇళ్లు చూశాను.

తప్పనిసరి లక్ష్యాలు రెండే. కాంట్రాక్టుకు పెద్దగా ఉన్నవారు తగిన ఉద్యోగం వెతుక్కుని చేస్తుండాలి. కాంట్రాక్టు ముగిసేనాటికి ఇంట్లో ఎవరూ నగదు సంక్షేమ సాయం, అంటే టానిఫ్ తీసుకోకూడదు. ఫుడ్ స్టాంపులు, మెడికెయిడ్, ఎస్‌ఎస్‌ఐ (ఆదాయం తక్కువున్న వృద్ధులకు, వికలాంగులకు వచ్చే నెలసరి సాయం) దీనికి అడ్డు కావు. అమ్మానాన్నలకు ఎస్‌ఎస్‌ఐ వస్తోందని భయపడి చేరకుండా ఉన్నవాళ్లు ఉన్నారు, అవసరం లేదు.

ఈ రెండు కాక మిగతా లక్ష్యాలు మీరూ కోఆర్డినేటరూ కూర్చుని రాసేవి. ఇక్కడ మనవాళ్లు చేసే తప్పు ఒకటుంది. కోఆర్డినేటర్ ముందు కూర్చుంటే గొప్పగా చెప్పాలనిపిస్తుంది. "ఇల్లు కొంటాను, క్రెడిట్ స్కోరు 750 చేస్తాను, డిగ్రీ పూర్తి చేస్తాను, సొంత రెస్టారెంట్ పెడతాను." ఆమె సంతోషంగా అన్నీ రాసుకుంటుంది. ఐదేళ్ల తర్వాత వాటిలో ఒక్కటి మిగిలిపోయినా ఎస్క్రో చేతికి రాదు.

మీ చేతిలో ఉన్న పనులే రాయించండి, ఫలితాలు రాయించకండి. "ఇల్లు కొనడం" మీ చేతిలో లేదు, వడ్డీ రేట్లు మీరు చెప్పినట్టు వినవు. "ఇల్లు కొనేవాళ్ల క్లాసు పూర్తి చేసి సర్టిఫికెట్ ఇవ్వడం" మీ చేతిలో ఉంది. "స్కోరు 750" వద్దు, "మూడు క్రెడిట్ రిపోర్టులు తెప్పించుకుని తప్పులుంటే లిఖితపూర్వకంగా అభ్యంతరం చెప్పడం" సరిపోతుంది. "నర్సు కావడం" వద్దు, "ఇండియాలో చదివిన డిగ్రీని మూల్యాంకనం చేయించుకోవడం" రాయించండి. మూడు నుంచి ఐదు లక్ష్యాలు చాలు. పెద్ద కలలు ఎన్నైనా కనండి, వాటిని కాంట్రాక్టులో పెట్టాల్సిన పనిలేదు.

మొదటి లక్ష్యం మీకు నిజంగా అడ్డుగా ఉన్నది ఏదో దాన్ని బట్టి ఉండాలి. సబర్బ్‌లో ఉండి డ్రైవింగ్ రాకపోతే ముందు లైసెన్స్, తర్వాతే ఉద్యోగం. తెలుగు మీడియంలో పదో తరగతి ఐతే కమ్యూనిటీ కాలేజీలో ఇంగ్లీషు క్లాసు, తర్వాత జీఈడీ (హైస్కూలు పూర్తి చేసినదానికి సమానమైన పరీక్ష). చిన్న పిల్లలుంటే చైల్డ్‌కేర్ సబ్సిడీకి అప్లికేషన్ అన్నిటికంటే ముందు, ఎందుకంటే దానికీ లైను ఉంటుంది. కోఆర్డినేటర్ స్వయంగా ఏదీ నేర్పదు. ఏ గుమ్మానికి వెళ్లాలో చెప్పడమే ఆమె పని. అమెరికన్ జాబ్ సెంటర్, కమ్యూనిటీ కాలేజీ, ఉచితంగా ట్యాక్సులు చేసిపెట్టే వీటా కేంద్రాలు, ఇవన్నీ ఆమె అడ్రసు పుస్తకంలో ఉంటాయి. అడిగితేనే తీస్తుంది.

జీవితం మారితే లక్ష్యాలు కూడా మార్చుకోవచ్చు, ఇద్దరూ ఒప్పుకుంటే చాలు. "సరేలేండి, అర్థమైంది" అని ఫోన్లో అన్న మాట మాత్రం చెల్లదు. మార్పు కాగితం మీదకి రావాలి, సంతకాలు కావాలి, ఒక కాపీ మీ దగ్గర ఉండాలి. నాకు తెలిసిన ఒక కుటుంబానికి మూడేళ్లలో ముగ్గురు కోఆర్డినేటర్లు మారారు. రెండో ఆమె నోటితో ఒప్పుకున్న మార్పు మూడో ఆమెకు తెలియదు. ఫైల్లో లేనిదాన్ని ఎవరు నమ్ముతారు?

ఐదేళ్లలో చేయాల్సిన చాకిరీ

పెద్దగా ఏమీ లేదు, కానీ మానకుండా చేయాలి. ఒక ఫైలు పెట్టుకోండి: కాంట్రాక్టు కాపీ, ప్రతి పే స్టబ్, ప్రతి సర్టిఫికెట్, కోఆర్డినేటర్‌తో జరిగిన ఈమెయిళ్లు. జీతం మారితే మీ హౌసింగ్ అథారిటీ చెప్పిన గడువులోపు తెలపండి. పెరిగిన జీతాన్ని కొన్నిచోట్ల వెంటనే లెక్కలోకి తీసుకోరు, సంవత్సరపు పరిశీలన దాకా ఆగుతారు. అద్దె పెరగకపోతే ఎస్క్రో కూడా పెరగదు. ఆ మధ్య నెలల్లో పూర్తి జీతం మీ చేతిలోనే ఉంటుంది కాబట్టి అదేమీ నష్టం కాదు, కానీ ఎందుకు జమ పడలేదా అని కంగారు పడకుండా ముందే తెలుసుకోండి.

ఎస్క్రో స్టేట్‌మెంట్ ఏడాదికి ఒకసారైనా ఇవ్వాలి. వచ్చిన రోజే పైన చెప్పిన లెక్కతో సరిచూడండి. తప్పుంటే ఆ వారమే రాతపూర్వకంగా అడగండి. నాలుగేళ్ల తర్వాత మొదటి ఏడాది తప్పును సరిచేయించడం దేవుడికే తెలియాలి.

అద్దె బాకీ పెట్టకండి. హౌసింగ్ అథారిటీకి మీరు కట్టాల్సింది ఏమైనా ఉంటే చివర్లో ఎస్క్రోలోంచి కోసుకుంటారు.

పబ్లిక్ హౌసింగ్‌లో ఉన్నవాళ్లకు ఇంకో మాట. పని చేయని పెద్దవాళ్లు నెలకు 8 గంటలు సమాజ సేవ చేయాలన్న నియమం మీకు ఉంటుంది. 62 ఏళ్లు నిండినవాళ్లకు, పని చేస్తున్నవాళ్లకు మినహాయింపు. ఎఫ్‌ఎస్‌ఎస్ కింద చేసే శిక్షణ గంటలు ఇందులో పనికొస్తాయి, ఆఫీసులో అడిగి రాయించుకోండి. వోచర్ ఉన్నవాళ్లకు ఈ నియమం లేదు.

మీ హౌసింగ్ అథారిటీ మూవింగ్ టు వర్క్ అనే ఏర్పాటులో ఉంటే నేను చెప్పిన లెక్కలు కొన్ని అక్కడ వేరుగా ఉండొచ్చు. 1996లో మొదలైన ఆ ఏర్పాటు కింద కొన్ని అథారిటీలకు సొంత నియమాలు పెట్టుకునే వీలుంది. కొన్నిచోట్ల పెరిగిన అద్దె లెక్క కాకుండా, లక్ష్యం పూర్తి చేసిన ప్రతిసారీ ఇంత అని ఇస్తారు. మొదటి సమావేశంలోనే "ఇక్కడ ఎస్క్రో ఎలా లెక్కిస్తారు?" అని అడగండి.

మధ్యలో డబ్బు అవసరమైతే

కారు ఇంజిన్ పోయింది, అది లేకపోతే ఉద్యోగం లేదు. కోర్సు ఫీజు కట్టాలి. ఇలాంటి వాటికి గడువుకు ముందే ఎస్క్రోలోంచి కొంత తీసుకోవడానికి హౌసింగ్ అథారిటీ ఒప్పుకోవచ్చు. అది వాళ్ల ఇష్టం. ఆ ఖర్చు మీ లక్ష్యాలకు సంబంధించినదై ఉండాలి, కొన్ని మెట్లు మీరు అప్పటికే దాటి ఉండాలి. ఊళ్లో చెల్లెలి పెళ్లికి ఇవ్వరు. అలా తీసుకున్నది తిరిగి కట్టాల్సిన అప్పు కాదు, కానీ చివర్లో అంత తగ్గుతుంది.

పూర్తి చేయలేకపోతే?

చాలామందిని ఆపేది ఈ ప్రశ్నే. లక్ష్యాలు పూర్తి చేయకపోతే ఎస్క్రో డబ్బు పోతుంది, దాన్ని మిగతా ఎఫ్‌ఎస్‌ఎస్ కుటుంబాల కోసం వాడతారు. వోచర్ మాత్రం పోదు. ఎఫ్‌ఎస్‌ఎస్ షరతులు పాటించలేదన్న కారణంతో ఇంటి సాయం ఆపకూడదని ఇప్పటి నిబంధనలు స్పష్టంగా చెప్తున్నాయి. "చేరి ఓడిపోతే ఇల్లు పోతుందట" అని ఎవరైనా అంటే అది పాత కాలపు భయం. చేరి పూర్తి చేయలేకపోయినా, చేరనివాళ్లు ఎక్కడున్నారో మీరూ అక్కడే ఉంటారు.

మీ తప్పు లేకుండా ఆగిపోయే సందర్భాల్లో డబ్బు ఇస్తారు కూడా. కాంట్రాక్టుకు పెద్దగా ఉన్నవారు శాశ్వతంగా పని చేయలేని స్థితికి చేరితే, మీ ప్రణాళికకు కీలకమైన సేవలు అందుబాటులో లేకుండా పోతే, సరైన కారణంతో వోచర్ తీసుకుని వేరే ఊరికి మారినప్పుడు కాంట్రాక్టు కొనసాగించే దారి లేకపోతే, ఎస్క్రో చేతికిచ్చి ముగిస్తారు. వేరే రాష్ట్రానికి మారాలనుకుంటే సామాను సర్దే ముందు కోఆర్డినేటర్‌కి చెప్పండి. అక్కడి అథారిటీలో ఎఫ్‌ఎస్‌ఎస్ ఉంటే కాంట్రాక్టును అక్కడికి మార్చుకునే వీలుండొచ్చు.

ముగించే రోజు

ఐదేళ్లూ ఆగాల్సిన పని లేదు. లక్ష్యాలన్నీ పూర్తయి, ఇంట్లో టానిఫ్ లేకపోతే రెండేళ్లకైనా గ్రాడ్యుయేట్ కావచ్చు, అంటే పథకం పూర్తి చేసి ఎస్క్రో తీసుకోవచ్చు. వోచర్ వదులుకోనవసరం లేదు. తొందరపడాలా అన్నది వేరే లెక్క. నెలనెలా మంచి మొత్తం జమ పడుతుంటే గడువు దాకా ఉండటమే లాభం. ఉద్యోగం ఊగిసలాడుతుంటే, లేదా ఇల్లు కొనడానికి డౌన్‌పేమెంట్ ఇప్పుడే కావాలంటే ముందే ముగించండి.

ఒక సందర్భంలో మాత్రం ఆలస్యం చేయొద్దు. జీతం బాగా పెరిగి అద్దె మొత్తం మీరే కట్టే స్థాయికి వస్తే, హౌసింగ్ అథారిటీ ఇంటి యజమానికి ఇచ్చేది సున్నా అవుతుంది. అలా 180 రోజులు గడిస్తే వోచర్ ఆగిపోతుంది. సాయం పొందే కుటుంబంగా మీరు లేకపోతే కాంట్రాక్టు కూడా చిక్కులో పడుతుంది. "ఈ నెల నుంచి మా వాటా సున్నా" అని ఉత్తరం వచ్చిన రోజే కోఆర్డినేటర్‌కి ఫోన్ చేసి మిగిలిన లక్ష్యాలు ముగించే తేదీ వేసుకోండి.

ముగింపుకి నెల ముందే ప్రతి లక్ష్యానికి ఒక రుజువు కాగితం ఫైల్లో ఉందో లేదో చూసుకోండి. చెక్కు ఇచ్చే ముందు చివరి స్టేట్‌మెంట్ అడిగి తీసుకోండి. ఆ డబ్బును మీ ఆదాయంగా లెక్కించి అద్దె పెంచరు. దేనికి ఖర్చు పెట్టాలో కూడా ఎవరూ అడగరు.

ఇల్లు కొనే ఆలోచన ఉంటే అదే సమావేశంలో ఇంకో ప్రశ్న అడగండి: "మీ దగ్గర వోచర్ హోమ్‌ఓనర్‌షిప్ ఉందా?" కొన్ని అథారిటీలు అద్దెకు బదులు ఇంటి లోను వాయిదాకు వోచర్‌ను వాడుకోనిస్తాయి. వృద్ధులు, వికలాంగులు కాని కుటుంబాలకు కనీసం ఏడాది పాటు వారానికి 30 గంటల పని ఉండాలి. లోను 20 ఏళ్లు, అంతకు మించి ఐతే సాయం 15 ఏళ్ల వరకు, తక్కువైతే 10 ఏళ్ల వరకు ఉంటుంది. ఎస్క్రోతో డౌన్‌పేమెంట్, వోచర్‌తో వాయిదా. ఈ ప్రశ్న మొదటి రోజే అడిగి ఉంచుకుంటే, ఐదేళ్ల ప్రణాళికలో ఇల్లు కొనేవాళ్ల క్లాసు ఏ ఏడాదిలో పెట్టాలో ముందే తెలుస్తుంది.